ప్రధాని వారంలో కర్నూలుకు దక్కిన గురువారం

2025 అక్టోబరు 16న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఏ గంటకు ఎక్కడ ఉంటారో కర్నూలులో టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు. 11.15కు శ్రీశైలంలో మల్లన్న దర్శనం. 12.15కు అక్కడే శివాజీ స్ఫూర్తి కేంద్రం. 2.30కు కర్నూలు పక్కన నన్నూరులో సుమారు 13,430 కోట్ల రూపాయల పనులకు శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, దాని వెనకే జీఎస్టీ తగ్గింపు మీద బహిరంగ సభ. ఈ వేళలు ఎవరో లీక్ చేసినవి కావు. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయమే ముందుగా విడుదల చేసింది. జిల్లా పేపర్లు దానికి ఇంకా వివరం కలిపాయి. విమానం దిగేది ఓర్వకల్లులో, హెలికాప్టర్ పోయేది సున్నిపెంటకు, భారీ వాహనాలు మళ్ళేది ఏ దారిన, సభకొచ్చే బస్సులు ఆగేది ఎక్కడ, అన్నీ వేశారు.

అదే రోజు ఢిల్లీలో విదేశాంగ శాఖ వారపు విలేకరుల సమావేశం జరిగింది. అంతకు ముందు రోజు వాషింగ్టన్‌లో ట్రంప్, రష్యా నూనె కొనడం ఆపేస్తామని మోదీ తనకు మాట ఇచ్చారని చెప్పి ఉన్నారు. నిన్న వాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారా అని విలేకరులు అడిగారు. నిన్న ఇద్దరు నాయకుల మధ్య సంభాషణ ఏదీ జరిగినట్టు తనకు తెలియదని ప్రతినిధి రణధీర్ జైస్వాల్ జవాబిచ్చారు.

ఆ గురువారం నాకు ప్రధాని హెలికాప్టర్ దిగే చోటు తెలుసు, కాన్వాయ్ పోయే రోడ్డు తెలుసు, గుడికి ఎప్పుడు పోతారో తెలుసు. దేశం నూనె ఎక్కడ కొనాలన్న విషయం మీద ఒక ఫోన్ కాల్ అసలు జరిగిందా లేదా అన్నది మాత్రం, ఒకాయన అన్నాడు, ఇంకొకాయన తనకు తెలియదన్నాడు. మధ్యలో మనకు చూపించడానికి కాగితం ముక్క లేదు.

నాయకుడి కార్యక్రమాల పట్టికను మనం తలకిందులుగా నడుపుతున్నామని నా ఫిర్యాదు. ముందుగా చెబితే ప్రమాదం ఉన్న భాగాన్ని నిమిషాలతో సహా అచ్చేసి పంచుతాం. జరిగిపోయాక చెబితే ఎవరికీ ఏ హానీ లేని భాగాన్ని, అంటే ఆ వారంలో ఎవరెవరు వచ్చి కలిశారు, ఏ పని మీద కలిశారు అన్నదాన్ని, ఎప్పటికీ చెప్పం. పెళ్ళిపత్రికలో ముహూర్తం నిమిషాలతో సహా వేస్తారు గానీ ఇచ్చిపుచ్చుకోవడాల మాట ఎక్కడా వేయరు కదా, అట్లనే ఉంది వ్యవహారం.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైన మనిషిని. ప్రోటోకాల్ డ్యూటీలు చేసి చేసి ఈ పట్టికల ఒడుపు కొంత తెలుసు. మా భాషలో దాన్ని మినిట్ టు మినిట్ ప్రోగ్రాం అంటారు. ఒకప్పుడు ఫ్యాక్స్‌లో వచ్చేది, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తుంది. ఎడమ పక్క టైము, మధ్యలో జరిగే పని, కుడి పక్క దానికి ఏ అధికారి బాధ్యుడో. వచ్చేది ఎంత పెద్దవాళ్ళయితే కాగితం అంత పొడుగు. హెలిప్యాడ్ దగ్గర స్వాగతం చెప్పేవాళ్ళ వరసను లైనప్ అంటారు. అందులో తన పేరు ఎన్నో నంబరులో ఉందో కనుక్కోవడానికి నాయకులు అర్ధరాత్రి కూడా ఫోన్లు చేస్తారు. బొకే ఎవరిస్తారు, శాలువా ఎవరు కప్పుతారు, వేదిక మీద కుర్చీ ఎవరికి, వేదిక వెనక పాసు ఎవరికి, ఇవన్నీ తేలేలోపు ఎవరో ఒకరు అలుగుతారు. ప్రధాని, రాష్ట్రపతి స్థాయి అయితే ఢిల్లీ నుంచి భద్రతా సిబ్బంది ముందే దిగుతారు, కాన్వాయ్ ట్రయల్ రన్ జరుగుతుంది, వంటకు వాడే ఉప్పు దగ్గర నుంచి పరీక్షకు పోతుంది. "సారు వచ్చేది ముప్పావుగంటకు, మనం నిలబడేది మూడు దినాలు" అని మా డ్రైవరొకాయన అనేవాడు.

అలాంటి వారంలో జిల్లాలో మిగతా పని మందగిస్తుంది. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఒక్కటే మామూలు మనిషికి తేదీ, చోటు, టైము ముందే తెలిసిన అధికారిక ముఖాముఖి. పెద్దవాళ్ళ పర్యటన పడితే అదే ముందు రద్దవుతుంటుంది. పేపర్లో మూలన నాలుగు లైన్లు వేస్తారు. హొళగుంద నుంచో, కోసిగి నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాళ్ళకు ఆ నాలుగు లైన్లు కలెక్టరేట్ గేటు దగ్గర తెలుస్తాయి.

ఒక మంత్రిగారి పర్యటనలో నా డ్యూటీ గెస్ట్‌హౌస్ దగ్గర పడింది. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతిలో అర్జీ పట్టుకుని, "ఏమప్పా, సారు మాతోటి మాట్లాడేది యాపొద్దు?" అని అడిగాడు. నా చేతిలో ఉన్న కాగితంలో 'వినతుల స్వీకరణ, 5 నిమిషాలు' అని రాసుంది. అదీ గెస్ట్‌హౌస్ మెట్ల నుంచి కారు దాకా నడిచే దారిలో. చెప్పాను. "ఐదు నిమిషాలా! మా ఊరి పేరు చెప్పేకే సరిపోతాది" అని నవ్వాడాయన. అదే కాగితంలో అంతకు ముందు గంటకు పైగా 'రిజర్వ్‌డ్' అని ఉంది. రిజర్వ్‌డ్ అంటే భోజనం, విశ్రాంతి, ఇంకా ఏమైనా. ఆ గంటలో తలుపు లోపలికి ఎవరెవరు పోయి వచ్చారో అటెండర్‌కు తెలుసు, బయట కార్లలో కూర్చున్న డ్రైవర్లకు తెలుసు, నాకూ కొంత తెలుసు. ఏ ఫైల్లోనూ ఒక్క పేరు చేరలేదు. అర్జీదారుల పేర్లు మాత్రం వరస నంబర్లు వేసి రిజిస్టర్లో ఎక్కించాం.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 2019 ఫిబ్రవరిలో అమెరికాలో ట్రంప్ మొదటి హయాం నాటి అంతర్గత షెడ్యూళ్ళు ఒక వార్తా సంస్థకు చిక్కాయి. అంతకు ముందు మూడు నెలల పట్టికల్లో దాదాపు 60 శాతం సమయం 'ఎగ్జిక్యూటివ్ టైమ్' అని రాసి ఉంది. మా గెస్ట్‌హౌస్ కాగితంలోని రిజర్వ్‌డ్‌కు శ్వేతసౌధంలో పెట్టుకున్న పేరు అది. ఫోన్లు చేయడం, టీవీ చూడడం, పిలిపించుకున్నవాళ్ళతో మాట్లాడడం అందులోకే వచ్చేవి. బహిరంగంగా విడుదలయ్యే పట్టికలో ఉన్నదాని కంటే అందులో లేనిదే ఎక్కువని అప్పుడు అందరికీ తెలిసింది.

మళ్ళీ మన అక్టోబరు వారానికి వస్తాను, ఎందుకంటే అందులో ఇంకో తమాషా ఉంది. 11వ తేదీ శనివారం, అమెరికా రాయబారిగా రాబోతున్న సెర్జియో గోర్ ప్రధానిని కలిశారు. 13 సోమవారం కెనడా విదేశాంగ మంత్రి అనితా ఆనంద్ వచ్చి కలిశారు. అదే సోమవారం ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో గాజా శాంతి సదస్సు. ప్రధానికి పిలుపు వచ్చింది, ఆయన పోలేదు, విదేశాంగ సహాయమంత్రి కీర్తివర్ధన్ సింగ్‌ను పంపారు. 14 మంగళవారం మంగోలియా అధ్యక్షుడు ఖురెల్‌సుఖ్‌తో హైదరాబాద్ హౌస్‌లో చర్చలు. 16 మనది. 17 శుక్రవారం శ్రీలంక ప్రధాని హరిణి అమరసూర్య, ఈజిప్టు విదేశాంగ మంత్రి.

ఎక్కడో నల్లమల అంచున కూర్చుని నేను ఈ జాబితాను తేలిగ్గా రాయగలిగాను. కారణం, విదేశీ అతిథితో భేటీ అయితే దాన్ని రాసేవాళ్ళు ఇద్దరు. మన విదేశాంగ శాఖ ఒక ప్రకటన ఇస్తుంది, అవతలి దేశం ఇంకోటి ఇస్తుంది. మనవాళ్ళు 'వివిధ అంశాలపై చర్చించారు' అని ఊరుకున్నా, అవతలివాళ్ళ ప్రకటనలో అసలు విషయం కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం దౌత్య వార్తలు రాసేవాళ్ళకు అలవాటే. ఒకరు రాసి, ఇంకొకరు వదిలేసిన వాక్యం దగ్గరే అసలు పేచీ ఉంటుంది. ట్రంప్ మాట మీద గొడవ లేచింది కూడా అందుకే, అవతలి పక్క నుంచి ఒక నోరు ఉంది కాబట్టి.

ఆ మంగళవారమే ఢిల్లీలో విశాఖపట్నం గూగుల్ ఏఐ హబ్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ప్రధానితో మాట్లాడానని సుందర్ పిచాయ్ తనే ప్రకటించుకున్నారు. ఆయన చెప్పకపోయి ఉంటే? చెప్పుకోవడం తనకు లాభం కాబట్టి చెప్పారు. చెప్పుకోవడం లాభం కాని కంపెనీ అధిపతి, వ్యాపారి, పక్క రాష్ట్రం నాయకుడు, పార్టీకి నిధులిచ్చే పెద్దమనిషి వచ్చి కలిస్తే దాన్ని రాసే రెండో చెయ్యి లేదు. అందువల్ల మన ప్రధానులందరి వారాల్లోనూ, ఏ పార్టీ వారైనా సరే, దౌత్యం ఉన్న సగం వెలుతుర్లో ఉంది, ఇంటి వ్యవహారం ఉన్న సగం చీకట్లో ఉంది. రహస్యం నిజంగా కావాల్సింది దౌత్యానికి, బయట పడాల్సింది ఇంటి వ్యవహారం అని మామూలు బుద్ధికి తోస్తుంది. ఇక్కడ కూడా తలకిందులే.

దీనితో మా కర్నూలుకు ఏం పని అంటారా? ఉంది. 2023 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో కర్ణాటకలోని ఎగువ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్ల రూపాయల సాయం ప్రకటించారు. అది తుంగభద్రకు పైన ఉన్న ప్రాజెక్టు. తుంగభద్ర డ్యాం నిండకపోతే అనంతపురానికి పోయే ఎగువ కాలువ, ఆదోని పక్క పల్లెలకు వచ్చే దిగువ కాలువ, సుంకేసుల నుంచి కడప దాకా పోయే కేసీ కాలువ, మూడూ ఎండిపోతాయి. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ మూడు జిల్లాల్లో నిద్రపోయిన రైతు లేడు. అలాంటి నది మీద పైన ఒక ప్రాజెక్టుకు కేంద్రం డబ్బు ప్రకటించింది. ఆ ప్రకటనకు ముందు ఏడాదిలో దాని కోసం ఢిల్లీలో ఎవరు ఎన్నిసార్లు ప్రధానిని, జలశక్తి మంత్రిని, ఆర్థిక మంత్రిని కలిశారు? వద్దని చెప్పడానికి మన వైపు నుంచి ఎవరు, ఏ తేదీన పోయారు? అసలు పోయారా? ఆ ప్రశ్నకు జవాబు తేదీలతో సహా ఉండాలి, ఉండి తీరాలి. రెండు వైపుల రాకపోకలు పక్కపక్కన పెట్టి చూస్తే, మా ఎంపీలు, ముఖ్యమంత్రులు ఎంత గట్టిగా మాట్లాడారో ఎవరి ఉపన్యాసమూ వినకుండానే తెలిసిపోయేది.

మనకు దొరికేది ఫోటో. మన ముఖ్యమంత్రి ఎవరైనా కానీ, ఢిల్లీ పోయినప్పుడల్లా ఆ ఫోటో ఒకటే. చేతిలో వేంకటేశ్వరస్వామి ప్రతిమ, భుజాన శాలువా, నవ్వులు. కింద 'పలు అంశాలపై వినతిపత్రం'. వినతిపత్రంలో ఏముందో మనవాళ్ళు పేపర్లకు చెబుతారు, పోలవరం, నిధులు, కడప ఉక్కు, ఇట్లా. దానికి అవతలి నుంచి ఏమన్నారో ఎక్కడా ఉండదు. ప్రధాని కార్యాలయం వైపు నుంచి ఒక లైను వస్తుంది, ఫలానా ముఖ్యమంత్రి ప్రధానిని కలిశారని. మంగోలియా అధ్యక్షుడితో ఏం మాట్లాడారో పేజీలకు పేజీలు ప్రకటన ఉంటుంది, ఐదు కోట్ల మంది ఉన్న రాష్ట్రానికి ఒక లైను.

జపాన్ పేపర్లు ఈ విషయంలో నాకు భలే ఇష్టం. అక్కడ ప్రధాని దినచర్యను రోజూ నిమిషాల లెక్కన అచ్చేస్తారు. రేపటిది కాదు, నిన్నటిది. వార్తా సంస్థల విలేకరులు ప్రధాని కార్యాలయం ద్వారం దగ్గర కాపు కాసి, ఎవరు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు లోపలికి పోయారు, ఎప్పుడు బయటికి వచ్చారు, రాత్రి ప్రధాని ఏ హోటల్లో ఎవరితో భోంచేశారు, అన్నీ రాస్తారు. క్షవరం చేయించుకోవడానికి పోయినా రాస్తారు. చిన్న అక్షరాలతో ఒక మూల కాలమ్, అంతే. చదివితే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఆరు నెలలు వరసగా చదివేవాళ్ళకు ఏ శాఖ కార్యదర్శికి పలుకుబడి పెరిగింది, ఏ మంత్రి దూరమయ్యాడు, ఏ విధానం మారబోతోంది అన్నది ఆ కాలమ్‌లోనే తెలుస్తుందంటారు. వెనక గుమ్మం నుంచి వచ్చేవాళ్ళు అక్కడా ఉంటారు, ఆ సంగతీ వాళ్ళకు తెలుసు. అయినా ముందు గుమ్మం దగ్గర లెక్క రాయడం మానలేదు.

బ్రిటన్‌లో 2010 నుంచి మంత్రులు బయటి సంస్థలతో జరిపిన భేటీల జాబితా మూడు నెలలకొకసారి విడుదలవుతుంది. ఐరోపా కమిషనర్లు 2014 డిసెంబరు నుంచి లాబీయిస్టులతో భేటీల వివరాలు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. అమెరికాలో శ్వేతసౌధం సందర్శకుల జాబితాను ఒబామా 2009లో విడుదల చేయడం మొదలుపెట్టారు, ట్రంప్ 2017లో ఆపారు, బైడెన్ 2021లో మళ్ళీ మొదలుపెట్టారు. అధ్యక్షుడి దయ మీద ఆధారపడితే ఏమవుతుందో దీన్ని బట్టే తెలుస్తోంది. జర్మనీలో ఛాన్సలర్ వచ్చే వారం కార్యక్రమాలను ప్రభుత్వ ప్రతినిధి శుక్రవారం విలేకరుల ముందు చదివి వినిపిస్తారు, ప్రశ్నలు కూడా అడగనిస్తారు.

బ్రిటన్‌దే ఇంకో ముచ్చట. బుధవారం పార్లమెంటులో ప్రధానికి వేసే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఈ రోజు మీ అధికారిక కార్యక్రమాలు ఏమిటి అని. జవాబూ ఎప్పుడూ ఒకటే, పొద్దున మంత్రులతోనూ ఇతరులతోనూ సమావేశాలున్నాయి, ఇకపైన కూడా ఉంటాయి అని. ఆ 'ఇతరులు' ఎవరని అడగరు. ఆ ప్రశ్న వేసేది షెడ్యూలు తెలుసుకోవడానికి కాదు, దాని వెనక ఏ విషయం మీదైనా అనుబంధ ప్రశ్న వేసే వీలు కోసం. కానీ ప్రతి వారం దేశ ప్రధాని నిలబడి తన రోజు గురించి ప్రతిపక్షం ముందు జవాబు చెప్పాలన్న ఏర్పాటు ఉంది చూడండి, దాని కోసమైనా ఆ తంతును నేను వెక్కిరించలేను.

రాయలసీమవాళ్ళం ఈ పట్టికలకు మరీ దూరమైనవాళ్ళమూ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించడానికి నెహ్రూ కర్నూలుకే వచ్చారు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1977 నుంచి 1982 దాకా రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. 1979 జులై 15న ప్రధాని మొరార్జీ రాజీనామా చేశారు, 28న చరణ్ సింగ్ ప్రధానిగా ప్రమాణం చేశారు, ఆగస్టు 20న ఆయనా రాజీనామా చేశారు, 22న సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. తమ నాయకుడు జగ్జీవన్ రామ్‌కు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వలేదని జనతా పార్టీవాళ్ళు మండిపడ్డారు. ఆ వాదనలో ఎవరిది న్యాయమో తేల్చడానికి నేను చాలను. కానీ 20కి, 22కి మధ్య రాష్ట్రపతిని ఎవరు ఏ వేళకు కలిశారు, రద్దు నిర్ణయం ఆ భేటీలకు ముందా తర్వాతా అన్నదే మొత్తం చరిత్ర. అలాంటి రోజుల్లో సందర్శకుల పట్టికే రాజ్యాంగ పత్రం అయిపోతుంది.

ఇక నంద్యాల. అప్పుడది మా కర్నూలు జిల్లాలోదే. పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కాదు. 1991 నవంబరు ఉప ఎన్నికలో నంద్యాల నుంచి ఐదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఆ తర్వాత 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు, 1993 సెప్టెంబరులో ఆయన బీజింగ్‌లో ఉండగా సరిహద్దు శాంతి ఒప్పందం, 1994 మేలో అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగం. అవన్నీ మా నంద్యాల ఎంపీ గారి టూర్ డైరీ అని మేం సరదాగా అనుకునేవాళ్ళం. ఆయన తన నియోజకవర్గానికి ఎంత టైమిచ్చారని అడిగితే మాత్రం ఇబ్బందిగానే ఉంటుంది. 1996లో నంద్యాల, బరంపురం రెండు చోట్లా గెలిచి, నంద్యాలను వదిలేశారు. అయినా ఆయన మీద ఇక్కడ కోపం కంటే గర్వమే ఎక్కువ. జాతీయ నాయకుడి వారంలో మన ఊరు లేకపోయినా సర్దుకుపోతాం. ఆ వారంలో మన నది గురించి ఎవరు ఏం చెప్పి వెళ్ళారో తెలియకపోతే మాత్రం సర్దుకుపోకూడదు.

భద్రత సంగతేమిటని అడుగుతారు. 1984లో ఇందిర, 1991లో రాజీవ్ హత్యలు చూసిన దేశానికి ఆ భయం సహజం. నేనూ ఒప్పుకుంటాను, అందుకే ముందుగా ఏమీ చెప్పొద్దంటాను. ప్రధాని గుడికి ఎన్నింటికి వస్తారో ముందే నాకు తెలియాల్సిన పని లేదు, ఫలానా రోడ్డు ఫలానా టైములో మూసి ఉంటుందని తెలిస్తే చాలు. గడిచిపోయిన నెల తాలూకు భేటీల జాబితా వల్ల ఏ హంతకుడికి ఏం ఉపయోగం?

దౌత్యం అనే రెండో అభ్యంతరానికి బరువుంది. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ ఢిల్లీ వచ్చి, ఇక్కడి నుంచి పాకిస్తాన్ పోయారు. అక్కడ ఆయనకు కడుపులో బాగాలేదని, నథియాగలి కొండల్లో విశ్రాంతి తీసుకుంటున్నారని ప్రకటించారు. ఆ టైములో ఆయన విమానమెక్కి బీజింగ్ పోయారు. నిక్సన్ నోటి నుంచి అసలు సంగతి బయటికొచ్చింది జులై 15న. ముందే పట్టికలో రాసి ఉంటే ఆ ప్రయాణమే జరిగేది కాదు. ఇలాంటివి ప్రతి దేశానికీ ఉంటాయి, వాటిని కొన్నేళ్ళు దాచే హక్కు ప్రభుత్వానికి ఉండాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8లో విదేశీ సంబంధాలకు, దేశ భద్రతకు ఆ మినహాయింపు ఉండనే ఉంది. సిమెంటు కంపెనీ యజమాని వచ్చి కలవడానికి కిసింజర్ మినహాయింపు ఎందుకివ్వాలి అన్నదే నా పేచీ.

మూడో మాట మా ఇంట్లోవాళ్ళే అంటారు, ఆ జాబితా ఎవడు చదువుతాడు అని. చదివేవాళ్ళు పది మంది చాలు. 2014లో అప్పటి సీబీఐ డైరెక్టర్ రంజిత్ సిన్హా ఇంటి గేటు దగ్గరి సందర్శకుల రిజిస్టర్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. తన సంస్థ దర్యాప్తు చేస్తున్న కేసుల్లోని వాళ్ళు ఆయన ఇంటికి వచ్చి కలిశారన్నది ఆరోపణ. అందులో రాసినవి చాలావరకు నిజం కావని ఆయన వాదించారు. ఆ ఏడాది నవంబరులో కోర్టు ఆయన్ను 2జీ కేసు నుంచి పక్కకు తప్పుకోమంది. బొగ్గు కేసు నిందితులను దర్యాప్తు అధికారి లేకుండా కలవడం ఏమాత్రం తగదని 2015 మేలో చెప్పింది. ఇంత కదలిక తెచ్చింది కాపలావాళ్ళు గేటు దగ్గర రాసే ఒక నోటు పుస్తకం. అది కూడా ప్రభుత్వం తనంతట తాను బయటపెట్టింది కాదు, ఎవరో తెచ్చి ఇచ్చింది.

ఇంకొక చిక్కు ఉంది, దాన్ని మన జిల్లాలు అనుభవించినంతగా ఎవరూ అనుభవించి ఉండరు. బయటికి కనబడే పట్టికలో ఎక్కేది కార్యక్రమం మాత్రమే. శంకుస్థాపన జరిగితే ఆ రోజు పట్టికలో ఒక గడి నిండుతుంది. తర్వాత ఏమైందన్నదానికి గడి లేదు. జమ్మలమడుగు పక్కన ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో రాజశేఖరరెడ్డి రాయి వేశారు. 2014 విభజన చట్టంలో కడప ఉక్కు సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో చూడాలని రాశారు. 2018 డిసెంబరులో చంద్రబాబు రాయి వేశారు. 2019 డిసెంబరులో జగన్ రాయి వేశారు, 2023 ఫిబ్రవరిలో ఇంకో కంపెనీతో మళ్ళీ భూమిపూజ. ప్రతిసారీ హెలిప్యాడ్, లైనప్, మినిట్ టు మినిట్ ప్రోగ్రాం అన్నీ పద్ధతిగా నడిచాయి. అందులో ఏ ఒక్క కాగితం తీసి చూసినా తప్పు దొరకదు. ఉక్కు మాత్రం ఇంతవరకు రాలేదు. అందుకే నన్నూరు సభ రోజున ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడలకు 4,920 కోట్ల పైచిలుకు, కర్నూలు విద్యుత్ పూలింగ్ స్టేషన్ పనులకు 2,880 కోట్ల పైచిలుకు అని చదివినప్పుడు నాకు సంతోషమే కలిగింది గానీ, నేను చూడాలనుకున్నది ఆ రోజు పట్టిక కాదు. ఆ పనుల మీద తర్వాత నెలల్లో ఢిల్లీలో ఎన్ని సమీక్షలు జరిగాయి, ఎవరు కూర్చున్నారు అన్న పట్టిక. కొబ్బరికాయ కొట్టిన రోజు కంటే దాని తర్వాత వచ్చే బోలెడన్ని మంగళవారాలే ఫ్యాక్టరీని నిలబెడతాయి, వాటికి హెలిప్యాడ్ అక్కర్లేదు.

కొత్త చట్టం కూడా అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకపోయినా ప్రభుత్వమే తనంతట తాను వివరాలు ప్రకటించాలి. భేటీల జాబితాను అందులో చేర్చమని ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఢిల్లీ నుంచే మొదలుకావాలని కూడా లేదు. మా జిల్లా ఇన్‌చార్జి మంత్రి, మా ఎంపీ, మా కలెక్టర్ నెల తిరిగాక ఒక పేజీ గోడకు అంటిస్తే అదే ఆరంభం. తేదీ, వచ్చినవారి పేరు, పని, మూడు గళ్ళు. అర్జీదారుల రిజిస్టర్‌కు మేం గీసిన గళ్ళు కూడా అవే.

ఈలోగా నేను పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి ప్రధాని కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పంపాను. 2025 అక్టోబరు 11 నుంచి 17 వరకు ప్రధానిని అధికారికంగా కలిసిన, ప్రభుత్వోద్యోగులు కాని భారతీయుల పేర్లు, తేదీలు, భేటీ ఉద్దేశం ఇవ్వమన్నాను. విదేశీ ప్రతినిధులను, భద్రతా అధికారులను, కుటుంబ సభ్యులను నేనే మినహాయించాను. ఎగువ భద్ర మీద 2022లో వచ్చిన ప్రతినిధి బృందాల జాబితా విడిగా అడిగాను. గడువు ముప్పై రోజులు. సర్వీసులో ఇలాంటి జవాబులు నేనూ డ్రాఫ్ట్ చేశాను కాబట్టి ఏ దారిన వస్తుందో ఊహించగలను. ప్రాణహాని పేరుతో సెక్షన్ 8(1)(జి) వాడొచ్చు. లేదా సమాచారం క్రోడీకరించిన రూపంలో లేదు, తయారు చేయాలంటే సిబ్బంది వనరులన్నీ దానికే పోతాయి అని సెక్షన్ 7(9) వాడొచ్చు. రెండోదే రావాలని నా కోరిక. సమాచారం విడివిడిగానైనా ఉందని వాళ్ళే రాసి ఇచ్చినట్టవుతుంది, మొదటి అప్పీలు అక్కడి నుంచి మొదలుపెడతాను.